ఆ రాత్రి బ్యాగులు తెచ్చిన తమ్ముడికి, ఇంకా చాలామందికి కృతజ్ఞతలు

రెండు రోజులు ఆగి, కంటినిండా నిద్రపోయి లేచాక రాస్తే ఈ మాటలు ఇంకొంచెం కుదురుగా వచ్చేవేమో. కాని ఆగితే కృతజ్ఞత చల్లారి ఉత్త మర్యాదగా మారిపోతుంది కనుక, కళ్లు మూతలు పడుతున్నా ఇప్పుడే రాస్తున్నాను.

నన్ను ఎరగనివారి కోసం ముందు కొంత చెప్పాలి. పేగులకు రక్తం తీసుకువెళ్లే ధమనిలో గడ్డ అడ్డుపడి, నా చిన్నపేగు చాలావరకు పాడైపోతే సర్జన్లు దాన్ని తీసివేశారు. మామూలుగా కొన్ని మీటర్ల పొడవుండే ఆ పేగు నాకు ఒక్క మీటరు కూడా మిగలలేదు. నోటితో తినకూడదని కాదు, తింటాను. తిన్నది ఒంటికి పట్టదు, అంతే. దాహం వేసిందని మంచినీళ్లు ఎక్కువ తాగితే, ఒంట్లోని ఉప్పును కూడా వెంటబెట్టుకుని అవి స్టోమా సంచిలోకి, అంటే పేగు కొసను బయటికి తీసిన పొట్ట మీది రంధ్రానికి తగిలించిన సంచిలోకి, పోతాయి. అందువల్ల ప్రతి రాత్రి 12 గంటల పాటు గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, లవణాలు, విటమిన్లు అన్నీ కలిసిన తెల్లని ద్రవం పంపు ద్వారా నా రక్తంలోకి వెళుతుంది. అది చాలా గాఢంగా ఉంటుంది కనుక చేతి నరానికి ఎక్కిస్తే ఆ నరం తట్టుకోలేదు. అందుకే ఛాతీ దగ్గర చర్మం కింది నుంచి వెళ్లే లైను (సన్నని గొట్టం) కొసను గుండెకు చేరువలోని పెద్ద సిరలో ఉంచారు.

సాయంత్రం నా ఇంట్లో జరిగే పని చూసినవారు పూజ ఏర్పాట్లనుకుంటే తప్పులేదు. బ్యాగును ముందుగానే ఫ్రిజ్ నుంచి తీసి బయట పెట్టాలి, ఎందుకంటే చల్లటి ద్రవం ఒంట్లోకి వెళితే వణుకు పుడుతుంది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, బల్ల తుడిచి, చేతులు కడుక్కున్నాక బ్యాగును వెలుతురుకు ఎత్తి చూడాలి. పైన పసుపుపచ్చగా నూనె తేలినట్లు కనిపిస్తే దాన్ని వాడకూడదు. లైను చివరి మూతను స్పిరిట్ తుడుపుతో రుద్దిరుద్ది తుడిచి, అది ఆరేదాకా ఆగి, సెలైన్‌తో కడిగి, అప్పుడు కలపాలి. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడరు. ఇంత జాగ్రత్త చాదస్తం కాదు: ఆ మూత దగ్గర చేరిన క్రిమికి నేరుగా రక్తంలోకి దారి దొరుకుతుంది. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలన్నది మాకున్న మొదటి నియమం.

ఇక ఆ తమ్ముడి సంగతి. వరుస సెలవులకు ముందు రోజు, ఎప్పుడూ వచ్చే డ్రైవరుకు బదులుగా ఒక కుర్రవాడు వారానికి సరిపడే బ్యాగుల పెట్టె తెచ్చాడు. సంతకం కోసం యంత్రం నా చేతికి ఇవ్వబోతూ, పెట్టె అడుగున చెయ్యి వేసి ఆగిపోయాడు. "అక్కా, ఇది చల్లగా లేదు. సంతకం పెట్టకండి, ముందు విప్పి చూద్దాం" అన్నాడు. విప్పితే లోపలి మంచు పొట్లాలు మొత్తం నీరైపోయి ఉన్నాయి, ఉష్ణోగ్రత చూపే చీటీ ఎర్రబడి ఉంది. ఆ బ్యాగులను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. వేడి తగిలితే కొవ్వు విడిపోవచ్చు, విటమిన్లు చెడిపోవచ్చు, క్రిములు పెరగవచ్చు. నేను సంతకం పెట్టి ఉంటే సరుకు అందినట్లే లెక్క, ఆ తరువాత అది నా తలనొప్పి. అతనికి మాత్రం మరో ఇంటికి వెళ్లే తొందర ఉండేది. అయినా గుమ్మంలోనే నిలబడి తన కార్యాలయానికి ఫోను చేశాడు. సెలవులు అయ్యాక కొత్తవి పంపుతామని అవతలివారు చెప్పినట్లున్నారు. ఫోను పెట్టి, "అక్కా, ఇది మందా, భోజనమా?" అని అడిగాడు. రెండూ అన్నాను. నాలాంటివారికి అన్ని రాత్రులు వరుసగా తప్పితే నీరు, సోడియం, మెగ్నీషియం పడిపోయి ఆసుపత్రి మంచం ఎక్కక తప్పదని కూడా చెప్పాను.

అతను మరేమీ అనకుండా నా పేరు, బ్యాగు మీది చీటీ ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనే అనుకున్నాను. డ్యూటీ దిగాక ఆసుపత్రి ఫార్మసీకి వెళ్లాడట. నా కొలతలకు కలిపే బ్యాగు ఆ వేళప్పుడు తయారు కాదని వాళ్లు చెబితే, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు మూడు గదుల్లో విడివిడిగా ఉండి, వాడే ముందు చుట్టి నొక్కితే మధ్య అడ్డుగోడలు విడిపోయి కలిసే రెడీమేడ్ బ్యాగులైనా ఇవ్వండని అక్కడే కూర్చున్నాడట. వాటిని కలిపేదాకా ఫ్రిజ్‌లో పెట్టనవసరం లేదు. డాక్టరుగారి అనుమతి ఫోనులోనే తెప్పించి, విటమిన్ల సీసాలతో సహా పట్టుకుని, బాగా పొద్దుపోయాక మళ్లీ మా తలుపు తట్టాడు. లిఫ్టు పనిచేయడం లేదు. ఆ బరువు మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. మంచినీళ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. "మీది ఇంకా మొదలుకాలేదు కదక్కా, అయ్యాక తాగుతాను" అని బయట మెట్టు మీద కూర్చున్నాడు.

ఆపరేషన్ తరువాత స్పృహ వచ్చినప్పుడు నేను ఏడవలేదు. ఆ మాటకు మాత్రం, తొడుక్కున్న గ్లౌజులు తీసేసి, ముఖం కడుక్కుని, చేతులు మళ్లీ మొదటి నుంచి కడుక్కోవలసి వచ్చింది. పంపు ఆకుపచ్చ దీపం వెలిగాక అతను లోపలికి వచ్చి, గ్లాసు ఖాళీ చేసి, వెళ్లొస్తానక్కా అని వెళ్లాడు. పేరు అడగడం కూడా తోచలేదు. తెలిసినా ఇక్కడ రాసేదాన్ని కాదు, ఎందుకంటే ఆ మేలు చేసినందుకు అతనికి పైవాళ్లతో మాట పడుతుందేమోనన్న భయం నాకుంది.

ఆ భయం ఊరికే కలగలేదు. బ్యాగులను మంజూరు చేసేది ఒక విభాగం, వాటికి తప్పనిసరైన ఫిల్టర్లను, గొట్టాలను మంజూరు చేసేది మరొక విభాగం. కనుక ఒకటి వచ్చిన వారం రెండోది రాదు. నాకు ఈ పోషణ ఇంకా అవసరమో కాదో తేల్చడానికి కొన్ని నెలలకొకసారి ఒక ఫారం వస్తుంది. రోగి ఏ తేదీ నుంచి పూర్తిగా నోటితో ఆహారం తీసుకోగలరని అందులో ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. తీసేసిన పేగు మళ్లీ పెరగదని డాక్టరుగారు ప్రతిసారీ ఉత్తరం రాస్తారు, ప్రతిసారీ అదే గడి తిరిగి వస్తుంది. ఆ ఫారం తయారుచేసినవారు దుర్మార్గులని నేను అనను, కాని వారిలో ఒక్కరైనా ఒక పెట్టె అడుగున చెయ్యి వేసి చూసి ఉండరు.

మా వారికి, అమ్మాయికి వేరే చెప్పనవసరం లేదు, వాళ్లకు తెలుసు.

గాలిబుడగ అలారం ఆగకపోతే అర్ధరాత్రి ఫోనులో నిదానంగా దారి చెప్పిన నర్సుగారికి, సెలవు రోజున కూడా రక్త పరీక్షకు ఇంటికొచ్చిన ల్యాబ్ అబ్బాయికి, ఆ రాత్రి తన పేరు చెప్పడానికి ఇష్టపడని ఫార్మసిస్టుగారికి నమస్కారాలు. సిరలో పోసే ఆహారంతోనే బీగిల్ కుక్కపిల్లలు పెరుగుతాయని చూపించి 1968లో ఆ సంగతి ప్రచురించిన స్టాన్లీ డడ్రిక్ అనే సర్జనుకు, ఆయన తోటివారికి కూడా చెప్పుకోవాలి. అంతకు ముందు నా స్థితిలో ఉన్నవారు ఏమయ్యేవారో తలచుకోవడం నాకిష్టం లేదు. ఆ కుక్కపిల్లలకు కూడా నమస్కారాలు.

పంపేసే ముందు మా అమ్మాయి చదివి, పక్కింటి వదినగారిని మరిచిపోయావేమిటమ్మా అంది. నిజమే. మా ఫ్రిజ్ చెడిపోయినప్పుడు తన గిన్నెలన్నీ బయట పెట్టి నా బ్యాగులకు చోటిచ్చింది ఆవిడే. వదినగారూ, మా ఫ్రిజ్ బాగైంది, రేపటి నుంచి మీ పై అర మీరు వాడుకోవచ్చు.