మంత్రి గారూ, నా బిడ్డ లోకలా, నాన్ లోకలా?

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మీకు నేను రాస్తున్న నాలుగో కాగితం ఇది. ముందటి మూడూ అర్జీలు. ఒకటి చేతికిచ్చాను, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఒకటి సోమవారం క్యూలో నిలబడి రశీదు తీసుకుని మరీ ఇచ్చాను. రశీదు భద్రంగా ఉంది. జవాబే రాలేదు. అందుకని ఈసారి పది మందీ చదివేలా రాస్తున్నాను.

మండల కేంద్రంలో జిరాక్స్ షాపు నడుపుకునేవాణ్ని. ఊళ్లో ఎవరు దేనికి దరఖాస్తు పెట్టినా ఆ కాగితాలు నా మిషన్ మీద నుంచే పోతాయి. ఉద్దెర లేదని షాపులో బోర్డు పెట్టుకున్నాను. ఈ ఏడాది ఆ బోర్డును ఖాతరు చేయని గిరాకీని నేనొక్కణ్నే, నా అర్జీల కాపీలకు.

జీవో 33 సంగతి మీకు చెప్పేదేముంది? 2024 జులైలో మీ ప్రభుత్వం ఇచ్చిందే. హైకోర్టులో దెబ్బ తగిలినా వదలకుండా సుప్రీంకోర్టుకు పోయి, 2025 సెప్టెంబర్ 1న గెలిచి వచ్చారు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్లు వరసగా తెలంగాణలో చదివితేనే ఎంబీబీఎస్‌కు లోకల్. మన సీట్లు మన పిల్లలకేనని నేనూ సంబరపడ్డాను సార్. ఆ రోజు పేపర్ కటింగ్‌ను షాపు అద్దానికి అంటించింది నేనే. నాలుగు రోజులయ్యాక టీ తాగుతూ అదే కటింగ్ మళ్లీ చదివితే ‘వరసగా’ అన్న మాట కంటికి తగిలింది. టీ గ్లాసు అక్కడే పెట్టేశాను.

నా బిడ్డ కేంద్ర సర్కారు నడిపే నవోదయ హాస్టల్ బడిలో చదువుతోంది. ఐదో తరగతిలో పరీక్ష రాసి, జిల్లాకంతా ఉన్న 80 సీట్లలో ఒకటి తెచ్చుకుంది. ఎవరి సిఫారసూ లేదు, మాకు సిఫారసు చేసేవాళ్లూ లేరు. ఎనిమిది అయిపోయాక మైగ్రేషన్ లిస్టులో పేరొచ్చింది, అంటే తొమ్మిదో తరగతిని వేరే రాష్ట్రం నవోదయలో చదవడానికి పంపే 30 శాతం పిల్లల లిస్టు. మధ్యప్రదేశ్‌లో ఒక ఏడాది. అడ్మిషన్ నాడే ఒప్పుకుని సంతకం పెట్టిన తండ్రిని, ఇప్పుడు కాదనడానికి లేదు. దేశమంతా ఒకటేనని పిల్లలకు తెలియాలి, హిందీ రావాలి అన్నారు సార్లు. నిజమే అనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను, అదే నా బాధ.

కాజీపేట స్టేషన్‌లో ఆ రాత్రి మర్చిపోలేను. వరసగా రేకు పెట్టెలు, వాటి మీద తెల్ల పెయింటుతో పేర్లు. మా ఆవిడ మామిడికాయ పచ్చడి సీసాకు మూడు కవర్లు చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, నూనె కారితే సార్లు తిడతారేమోనని మళ్లీ విప్పి మళ్లీ చుట్టింది. పదమూడేళ్ల పిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే నేను పక్క డబ్బా నంబరు చదువుతున్నట్టు నటించాను. ఆదివారం పూట ఫోను. మొదట్లో ఏడుపు, దసరా నాటికి ‘నాన్నా, ఇక్కడ పొద్దున పోహా పెడతరు, బాగుంటది’ అనేదాకా వచ్చింది. అక్కడి పిల్లలు ఇక్కడికొచ్చారు కదా, వాళ్లలో ఒకడు బడి గేటు దగ్గర ‘అంకుల్, జామకాయ తింటరా?’ అని తెలుగులో అడిగితే నాకు కడుపు నిండింది. పథకం పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

ఏడాది కాగానే తిరిగొచ్చింది. పది ఇక్కడే, పదకొండు ఇక్కడే, ఇప్పుడు పన్నెండూ ఇక్కడే. బైపీసీ. నీట్‌కు చదువుతోంది. బడిలో ఈ మధ్య పెట్టిన టెస్టుల్లో వచ్చిన మార్కులు చూసి వాళ్ల సారు ‘సీటు గురించి భయపడకండి’ అన్నారు. నేను భయపడేది మార్కుల గురించి కాదు సార్.

బోనఫైడ్‌లన్నీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను. ఏ ఆఫీసో, ఏ ఊళ్లోనో రాయను, పాపం ఆయనదీ ఉద్యోగమే. ఆరు, ఏడు, ఎనిమిది టేబుల్ మీద పరిచాను. పది, పదకొండు పక్కన పెట్టాను. మధ్యలో ఒకటి హిందీలో ఉంది, కింద ఊదా రంగు రబ్బరు స్టాంపు. ఆయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, ట్యూబులైటుకు ఎదురుగా పెట్టి చూశాడు.

‘ఇదేంది?’

చెప్పాను.

‘అయితే నాలుగేండ్లు ఏడున్నయి? పన్నెండు కలిపినా మూడే కదా.’

‘నేను పంపలేదు సార్, సర్కారే పంపింది.’

‘ఏ సర్కారు?’

ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. మీకు తెలిస్తే చెప్పండి. ఢిల్లీ సర్కారు పంపింది, హైదరాబాద్ సర్కారు లెక్కపెడుతోంది. మధ్యలో పిల్ల ఎవరిది? మధ్యప్రదేశ్‌కు పోయి అడిగితే ఒక్క ఏడాది ఉన్నదాన్ని వాళ్లు తమదంటారా? రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏంటో సామెతల పుస్తకంలో చదువుకున్నాం గానీ, ఇంట్లోనే చూస్తామనుకోలేదు.

పాత నిబంధనల్లో ఏడేళ్ల లెక్క కూడా ఉండేది. ఆరు నుంచి పన్నెండు దాకా ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే లోకల్. ఆ లెక్కన నా బిడ్డవి ఏడింట ఆరేళ్లు ఇక్కడివే. ఆ లెక్కను మీరు కొట్టేశారు. ఎందుకు కొట్టేశారో కోర్టులో చెప్పారు, బాగానే చెప్పారు. కానీ మీ లాయర్లు ఇంకో మాటా చెప్పారు. రాష్ట్రం బయట పనిచేసే మన ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, తెలంగాణ కేడర్ ఐఏఎస్, ఐపీఎస్ అధికారుల పిల్లలకు, సైన్యంలో ఉన్నవాళ్ల పిల్లలకు మినహాయింపు ఇస్తామన్నారు. ఇవ్వాల్సిందే. సైనికుడి బిడ్డ కడుపు కొట్టాలని ఎవరంటారు? నాన్నకు బదిలీ అయితే పిల్లలదేం తప్పు? నేనడిగేదీ అదే సార్. నా ఇంట్లో బదిలీ అయింది నాన్నకు కాదు, పదమూడేళ్ల పిల్లకే. దాని బదిలీ ఉత్తర్వు మీద ఉన్నది గవర్నమెంటు స్టాంపు కాదా? ఆ మినహాయింపుల్లో నవోదయ అన్న మాట నేను చదివినంతలో ఎక్కడా కనపడలేదు. నా కళ్లే పోయాయేమో, మీ పేషీలో ఎవరికైనా కనపడితే పేజీ నంబరు చెప్పండి చాలు.

కన్వీనర్ కోటాలో లోకల్ కాకపోతే మాకు మిగిలేది సర్కారు కాలేజీల్లో ఆలిండియా కోటా 15 శాతం. దానికి దేశమంతా పోటీ. మేనేజ్‌మెంట్ సీటు మాట ఎత్తకండి, రూపాయికి రెండు కాపీల చొప్పున ఆ ఫీజు కట్టాలంటే నా మిషన్ ఎన్ని జన్మలు తిరగాలో లెక్కేసి నవ్వుకున్నాం నేనూ మా ఆవిడా. తర్వాత ఆమె నవ్వలేదు.

ఇదేమైనా వేల మంది గొడవా? ఉమ్మడి జిల్లాల నవోదయలు తొమ్మిది. ఒక్కో బడిలో 80 మందిలో 30 శాతం అంటే 24 మంది. అందరూ పోరు. పోయినవాళ్లలో బైపీసీ తీసుకునేవాళ్లు ఇంకా తక్కువ. వాళ్లందరినీ పిలిస్తే మీ ఆఫీసు వరండాలో బెంచీలే సరిపోతాయి. ఇంత కొద్దిమంది కాబట్టే మా అర్జీకి బరువు లేదా? అలాగైతే కాస్త ఆగండి. 2024 డిసెంబర్‌లో రాష్ట్రానికి ఇంకో ఏడు నవోదయలు మంజూరయ్యాయి. అందరూ ఫ్లెక్సీలు కట్టారు, నా షాపు ముందరా ఒకటి కట్టారు. ఆ ఏడు బడుల పిల్లలూ ఏదో ఒక నాడు తొమ్మిదో తరగతికి వస్తారు కదా.

ఈ బడులు మన పీవీ గారు ఢిల్లీలో విద్యాశాఖ చూసిన రోజుల్లో మొదలైనవి. అంతకు ముందు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో గురుకులం పెట్టిందీ ఆయనే. 2024లో ఆయనకు భారతరత్న వస్తే మీరూ పండగ చేశారు, మేమూ చేశాం. ఆయన పెట్టిన బడికి పోయినందుకే ఆయన సొంత రాష్ట్రంలో పిల్ల పరాయిది అవుతుందా?

ఇప్పుడు ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు నా షాపుకొచ్చి ‘అన్నా, మైగ్రేషన్ తప్పించుకోవాల్నంటే ఏం కాగితం పెట్టాలె?’ అని అడుగుతున్నారు. ఒకాయన మెడికల్ సర్టిఫికెట్ కాపీ తీయించుకున్నాడు. పిల్లవాడికి ఏ జబ్బూ లేదు, షాపు బయట సైకిల్ మీద గిరగిరా తిరుగుతున్నాడు. కాపీ తీసిచ్చాను, ఏం చెయ్యను?

అయ్యా, ఒక్క వాక్యం చాలు. సర్కారు పంపిన ఏడాదిని కూడా తెలంగాణలో చదివినట్టే లెక్కపెడతామని ఒక్క వాక్యం. లేదా పెట్టమని చెప్పండి, అదీ ఒక జవాబే. ఇప్పుడే చెబితే పిల్లకు నచ్చజెప్పి, వేరే దారేదో చూసుకుంటాం. కౌన్సెలింగ్ నాడు వెబ్‌సైట్‌లో ఎర్ర అక్షరాల్లో చూసుకునే గతి మాత్రం పట్టించకండి. మూడు అర్జీల్లో రాసింది ఇదే, ఇప్పుడు రాస్తున్నదీ ఇదే. జవాబు ఇవ్వండి సార్. ఏదో ఒకటి.

దరఖాస్తులో లోకల్, నాన్ లోకల్ అని పక్కపక్కనే రెండు గడులు ఉంటాయి. ఊరందరికీ ఆ గడులు నింపిపెట్టేది నేనే. నా బిడ్డ దరఖాస్తులో ఏ గడిలో టిక్కు పెట్టాలో మీరే చెప్పాలి.

ఇట్లు,
ఒక నవోదయ విద్యార్థిని తండ్రి

తా.క. తొమ్మిదో తరగతి బోనఫైడ్ హిందీలో ఉందని అర్జీ వెనక్కి పంపుతారేమోనని తెలుగు తర్జుమా కూడా జతపరుస్తున్నాను. చేసింది మా అమ్మాయే.