యాజమాన్య కోటాకూ ర్యాంకుల జాబితా పెట్టాలి

ప్రవేశ పరీక్ష ఉంటే సీట్లు అమ్ముడుపోవన్న జనం నమ్మకం ఇంజినీరింగ్ యాజమాన్య కోటా దగ్గర వమ్మవుతోంది. 2017 నుంచి రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష (ఇప్పటి ఈఏపీసెట్) కంప్యూటర్‌పైనే జరుగుతున్నందున ముద్రణ, రవాణాల్లో పేపర్ బయటికి పొక్కే దారి మూసుకుపోయింది. ప్రైవేటు కళాశాలల్లో ప్రభుత్వ కౌన్సెలింగ్‌తో నింపే కన్వీనర్ కోటా 70 శాతం సీట్లు ర్యాంకు, రిజర్వేషన్, వెబ్ ఆప్షన్లను బట్టే దక్కుతున్నాయి. అక్కడివరకు తల్లిదండ్రుల నమ్మకం సరైనదే. మిగతా 30 శాతం యాజమాన్య కోటాలోనే అన్యాయమంతా. విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని కొన్ని కళాశాలలు కౌన్సెలింగ్ తేదీలు రాకముందే కంప్యూటర్ సైన్స్ సీటుకు అడ్వాన్సు కట్టించుకుంటున్నాయి. దరఖాస్తు చేసిందెవరో, వారి ర్యాంకెంతో ఎవరికీ తెలియనివ్వరు. ఎంబీబీఎస్ బి కేటగిరీ (యాజమాన్య కోటా) సీట్లను విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయమే నీట్ ర్యాంకుతో నింపుతోంది. ఇంజినీరింగ్‌లోనూ ఉన్నత విద్యామండలి ఒకే పోర్టల్‌లో దరఖాస్తులు తీసుకుని, ర్యాంకుల జాబితా పెట్టి, ఫీజు బ్యాంకు ద్వారానే కట్టించాలి.

– ఓ అధ్యాపకుడు, గుంటూరు