ఆ పాటలు ఆపించింది నేనే

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారాలు.

ముందే చెప్పేస్తాను. మా పక్క హోటల్లో శని, ఆదివారాల సాయంత్రాలు జరిగే పాటల కార్యక్రమం ఆగిపోవడానికి కారణం నేనే. ఒక రాత్రి పదకొండుంబావుకు 100కి ఫోన్ చేసింది నేను. ఆ పాటలు మళ్ళీ మొదలవడానికి దారి చూపించమని ఇప్పుడు మీకు రాస్తున్నదీ నేనే. ఈవిడకేమైనా పిచ్చా అనుకోకుండా కాస్త ఓపిక పట్టి చదవండి.

మాది హైదరాబాద్‌లో ఒక పాత కాలనీ. పేరు రాయను. రాస్తే ఆ హోటల్ ఓనరుకి లేనిపోని తలనొప్పి. ఆ హోటల్ ఒకప్పటి డాబా ఇల్లు. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డాక పెద్దవాళ్ళు ఇల్లు అద్దెకిచ్చి వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయారు. అద్దెకి తీసుకున్నతను హోటల్ పెట్టాడు. ముందు బాదం చెట్టు, చెట్టు కింద పద్నాలుగు టేబుళ్ళు. పొద్దున ఇడ్లీ, పెసరట్టు. రాత్రి పుల్కా, బిర్యానీ. మందు లేదు, హుక్కా లేదు. వారాంతంలో ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా ముగ్గురు వచ్చి పాడేవారు. కీబోర్డ్ మీద ఒక పెద్దాయన, ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ వాయించే కుర్రాడు, పాడే అమ్మాయి. తినడానికి వచ్చినవాళ్ళు బిల్లు వెనకాల పాట పేరు రాసి సర్వర్ చేత పంపేవారు. ఒక పెద్దమనిషి ప్రతి శనివారం రెండు పుల్కాలు చెప్పి, ఘంటసాల పాట ఒకటి రాసి పంపి, అది పాడేదాకా రెండో పుల్కా ముట్టేవాడు కాదు. మా బెడ్‌రూం కిటికీ సరిగ్గా ఆ చెట్టు వైపే ఉంటుంది కాబట్టి నాకివన్నీ తెలుసు. ఆ రెండు గంటల్లో నేను బట్టలు మడతపెట్టుకునేదాన్ని. పాట బాగుంటే మడత ఆలస్యమయ్యేది, అంతే.

ఫోన్ చేసిన రాత్రి సంగతి వేరు. ఎవరిదో పుట్టినరోజని ఓనరు చెట్టు కింద స్థలమంతా వాళ్ళకి ఇచ్చేశాడు. వాళ్ళు డీజేని తెచ్చుకున్నారు. తెల్లారితే మా అబ్బాయికి ఇంటర్ ఫిజిక్స్ పరీక్ష. చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడు పాపం. దూదికి పాట ఆగుతుందిగానీ బేస్, అంటే ఆ లోతైన దడదడ శబ్దం, ఆగదు. వంటింట్లో బిందె మీద స్టీలు మూత టకటకా కొట్టుకోవడం మొదలెట్టింది. మూత మీద చెంబు పెట్టాను. చెంబు కూడా మోగింది. అప్పుడు తీశాను ఫోను.

ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, పది నిమిషాల్లో డీజే ఆగింది. అసలు కథ మర్నాడు జరిగింది. ఓనర్ని పిలిచి మైకుకి పర్మిషన్ కాగితం ఉందా అని అడిగారట. లేదు. అయితే ఇకమీద ఏ పాటా వద్దన్నారట. డీజే కుర్రాళ్ళు తమ బాక్సులు వ్యానులో వేసుకుని ఇంకో పుట్టినరోజుకి పోయారు. శిక్ష పడింది మాత్రం తొమ్మిదిన్నరకే సర్దుకుని వెళ్ళిపోయే ఆ ముగ్గురికి.

మొదటి వారం నాకు హాయిగానే ఉంది, దాచడమెందుకు. మూడో వారం మా వీధి చివర ఫంక్షన్ హాల్ నుంచి బరాత్ బయల్దేరింది. రాత్రి పదకొండు దాటింది. డీజే బండి మా గేటు ముందే పావుగంట నిలబడింది. కిందికి దిగి అడిగితే "పెళ్ళి కదా ఆంటీ, రోజూ చేసుకుంటామా" అన్నాడు ఒక అబ్బాయి, నా చేతిలో ఒక లడ్డూ కూడా పెట్టాడు. లడ్డూ తింటూ పైకి వచ్చాను. మా వీధిలో నిశ్శబ్దం పాటిస్తున్నది ఆ బాదం చెట్టు ఒక్కటేనని అప్పుడు అర్థమైంది.

తర్వాత కూర్చుని రూల్స్ చదివాను. ముప్పై ఏళ్ళు ప్రూఫ్‌రీడర్‌గా పనిచేసినదాన్ని, చిన్న అక్షరాలంటే భయం లేదు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. వాణిజ్య ప్రాంతమైతే 65, 55. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మైకు పెట్టాలంటే పగలైనా సరే రాతపూర్వక అనుమతి ఉండాలి. సొంత స్థలంలో పెట్టుకున్న సౌండ్ సిస్టమ్ శబ్దం ప్రహరీ దగ్గర కొలిస్తే ఆ ప్రాంతపు పరిమితి కన్నా 5 డెసిబెల్స్‌కి మించి పెరగకూడదు. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే పండగలకీ సాంస్కృతిక సందర్భాలకీ రాత్రి 10 నుంచి 12 దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా.

ఈ లెక్కన మా ఓనరుది తప్పే. కాగితం లేదు. అతన్ని నేను వెనకేసుకురావడం లేదు. కానీ ఈ మొత్తం వ్యవహారంలో ఒక్కరు కూడా శబ్దాన్ని కొలవలేదు. డీజే రాత్రీ కొలవలేదు, పాటల సాయంత్రమూ కొలవలేదు. ఇంకోటి, అనుమతి ఇవ్వాల్సిన పోలీసు అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదని అవే నిబంధనలు చెబుతున్నాయి. పద్నాలుగు టేబుళ్ళ హోటలతను రెండు గంటల పాట కోసం ఆ స్థాయి ఆఫీసు మెట్లు ఎక్కుతాడా? ఎక్కడు. అడక్కుండా నడుపుతాడు, ఎవరో ఒకరు ఫోన్ చేసిన రోజు మూసేస్తాడు.

శబ్దం మీ శాఖ కాదని తెలుసు. అది హోం శాఖది, కాలుష్య నియంత్రణ మండలిది. వాళ్ళ లెక్కలో ఇదొక ఫిర్యాదు. మీ లెక్కలోనైనా పాట అవుతుందని మీకు రాస్తున్నాను.

పాటలు ఆగిన నెలకి ఆ కీబోర్డ్ పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. గొడవకేమోనని తలుపు సగమే తీశాను. "అమ్మా, మీకు ఇబ్బంది అయింది మా పాటతోనా, ఆ రోజు డీజేతోనా? అది ఒక్కటీ తెలుసుకుందామని వచ్చాను" అన్నాడు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఒకప్పుడు పదిహేను మందితో ఆర్కెస్ట్రా ఉండేదట ఆయనకి. వయొలిన్లు, ఫ్లూటు, తబలా, కాంగో, ట్రంపెట్. కీబోర్డ్ వచ్చాక వయొలిన్లు పోయాయి, ప్యాడ్స్ వచ్చాక తబలా పోయింది. "అప్పట్లో నా కీబోర్డే నలుగురి పొట్ట కొట్టిందమ్మా" అని నవ్వాడు. ఇప్పుడు రికార్డు చేసిన ట్రాక్ పెట్టుకుని పాడేస్తున్నారు, ఆ కీబోర్డ్ కూడా అక్కర్లేదు. పెళ్ళిళ్ళన్నీ డీజేలవి. రవీంద్రభారతి 1961 నుంచి ఉంది, చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, కానీ అక్కడ పాడాలంటే హాలు బుక్ చేసి, ముఖ్య అతిథిని పిలిచి, శాలువాలు కొనాలి. వారం వారం పాడి, జనం ముఖాలు చూసి, ఏ పాటకి చెయ్యి ఆగి వింటున్నారో గమనించి నేర్చుకునే చోటు అది కాదు. ఆ పాడే అమ్మాయి పగలు ఒక బట్టల షాపులో పనిచేస్తుందట. చెట్టు కింద పాడిన ఏడు నెలల్లో మైకు ముందు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసిందని చెప్పుకునేదట.

ఆయనే నాకు ఇంకో సంగతి చెప్పాడు. స్పీకర్ని గోడ మూలకి ఆనిస్తే బేస్ పెరుగుతుంది. ఆ డీజే వాళ్ళు బాక్సుల్ని మా ప్రహరీ మూలకే ఆనించారు. చదివితే ఇంకా తెలిసింది. మన నిబంధనల్లో కొలత డీబీ(ఏ) అనే స్కేలు మీద. అది మనిషి చెవి వినే తీరుకు సర్దిన స్కేలు. లోతైన శబ్దాల్ని బాగా తగ్గించి చూపిస్తుంది, బేస్ ఉండే 63 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు 26 డెసిబెల్స్ ఉంటుంది. గోడలు దాటి ఇంట్లోకి వచ్చేవి సరిగ్గా ఆ లోతైన శబ్దాలే. నా బిందె మూతని ఆడించిన దాన్ని మీటరు చాలావరకు దాచేస్తుంది, ఆడపిల్ల గొంతుని మాత్రం పూర్తిగా లెక్కవేస్తుంది. మామూలుగా ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకుంటేనే దాదాపు 60 డెసిబెల్స్ అని కూడా చదివాను. మా ఆయనా నేనూ మాట్లాడుకుంటే ఎంతో కొలిపించుకోదలచుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం హోటల్ ఖాళీగా ఉన్నప్పుడు పది నిమిషాలు పరీక్ష పెట్టుకున్నాం. ఓనరు, "అక్కా, మళ్ళీ ఎవరైనా ఫోన్ చేస్తే?" అని భయపడ్డాడు. చెయ్యాల్సిన మనిషిని నేనే కదా అన్నాను. స్పీకర్ మూలలోంచి తీసి, చెట్టు మొదట్లో రబ్బరు మ్యాట్ మీద పెట్టి, మా వైపు కాకుండా హోటల్ వైపు తిప్పాడు పెద్దాయన. నేను వంటింట్లో బిందె దగ్గర నిలబడ్డాను. మూత కదల్లేదు. కిటికీ వేస్తే పాట లేదు, తీస్తే ఉంది. పక్కింటి పాట ఎలా ఉండాలో అలా ఉంది.

రాత్రి 10 దాటాక సంగీతం వద్దని 2022 సెప్టెంబరులో జూబ్లీహిల్స్ పబ్‌ల కేసులో మన హైకోర్టు అన్నప్పుడు సంతోషించినవాళ్ళలో నేనొకదాన్ని. ఇప్పటికీ ఆ మాటకే కట్టుబడి ఉన్నాను. నేనడిగేది పదిలోపు సంగతి. పబ్బునీ, బరాత్ బండినీ, చెట్టు కింద కీబోర్డ్‌నీ ఒకే గాటన కడితే ఏమవుతుందో బెంగళూరులో చూశాం. 2005లో అక్కడి పోలీసులు లైవ్ బ్యాండ్ల మీద లైసెన్సు ఉత్తర్వు తెచ్చారు. అప్పట్లో అక్కడ లైవ్ బ్యాండ్ అంటే ఎక్కువగా ఆడపిల్లల చేత డ్యాన్సులు చేయించే బార్లు. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. ఆ ఏడాదే తనిఖీలు మొదలై, గిటార్ వాయించుకునే మామూలు రెస్టారెంట్లు కూడా పాటలు ఆపేసుకోవాల్సి వచ్చింది. ఇంగ్లండ్‌లోనూ 2003 లైసెన్సింగ్ చట్టం తర్వాత ఇలాంటి చిక్కే వచ్చింది, ఒక మూల కూర్చుని ఒక్కడు పాడినా లైసెన్సు కావాలన్నారు. 2012లో లైవ్ మ్యూజిక్ చట్టం తెచ్చి సర్దుకున్నారు. మద్యం లైసెన్సు ఉన్న చోట ఉదయం 8 నుంచి రాత్రి 11 దాకా, 200 మంది లోపు శ్రోతలుంటే, పాటకి వేరే లైసెన్సు అక్కర్లేదు. 2015లో ఆ సంఖ్యని 500 చేశారు. ఫిర్యాదు వచ్చి, విచారణలో నిజమని తేలితే ఆ మినహాయింపు తీసేయొచ్చు. మనకి 500 వద్దు, 11 అంతకన్నా వద్దు. మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.

నాకు కావలసింది ఒక చిన్న అనుమతి. హోటలతను ఫోన్లోనే దరఖాస్తు పెట్టుకునేలా, ఏడాదికి ఒకసారి, భరించగలిగిన ఫీజుతో. మనుషులు వాయించి పాడే సంగీతానికే, నలుగురికి మించకుండా. డీజే, బేస్ మోగించే సబ్‌ఊఫర్ బాక్సు లేకుండా. వారానికి రెండు సాయంత్రాలు, తొమ్మిదిన్నరకి ఆఖరి పాట. సినిమా పాటల హక్కుల రుసుము హోటలతనే కట్టుకోవాలి, అది వాయించేవాళ్ళ కూలీలో కోయకూడదు. ఆ కాగితం గోడకి అతికించి ఉండాలి, దాని మీద ఓనరు ఫోన్ నంబరు ఉండాలి. నాలాంటివాళ్ళు ముందు ఆ నంబరుకి చేస్తారు, వినకపోతేనే 100కి. ఫిర్యాదు వస్తే కొలవాలి. ప్రహరీ దగ్గరే కాదు, ఫిర్యాదు చేసినవాళ్ళ కిటికీ దగ్గర కూడా, బేస్‌ని దాచని సీ స్కేలు మీద కూడా. తప్పు తేలితే మొదటిసారి హెచ్చరిక, రెండోసారి నెల రోజులు బంద్, మూడోసారి రద్దు. మూడోసారి కూడా నేను ఫోన్ చేయడానికి వెనకాడను, ఓనరుకి ఆ మాట చెప్పే ఉంచాను.

మా బ్లాకులో అందరూ నా పక్షాన లేరు. మూడో అంతస్తులో ఒకావిడ పాటలు ఆగడమే నయం, పార్కింగ్ గొడవ తగ్గిందంటారు. ఆవిడ చెప్పేదీ నిజమే, శనివారం మా గేటుకి అడ్డంగా బళ్ళు పెట్టేవారు. బళ్ళ షరతు కూడా ఆ కాగితంలో రాయించండి. రాసి ఉంటే చూపించి అడగొచ్చు. ఏమీ రాసి లేని చోట ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ మాటే నెగ్గుతుంది, ఈసారి నాది నెగ్గింది.

కీబోర్డ్ ఇప్పుడు హోటల్ స్టోర్ రూంలో బియ్యం బస్తాల పక్కన దుప్పటి కప్పుకుని ఉంది. పెద్దాయన వారానికోసారి వచ్చి దుమ్ము తుడిచి, అన్ని మెట్లూ ఒకసారి నొక్కి చూసి వెళ్తున్నాడు. పుల్కాల పెద్దమనిషి మొన్న శనివారం వచ్చి, కాసేపు కూర్చుని, పార్సిల్ కట్టించుకుని వెళ్ళిపోయాడు.

మీ శాఖ నుంచి ఎవరినైనా మీటరుతో పంపించండి. ఏ వారమైనా సరే, ఒక సాయంత్రానికి అనుమతి ఇచ్చి మరీ పంపించండి. మాది రెండో అంతస్తు. లిఫ్టు ఉంది కానీ పనిచేయదు, మెట్లెక్కి రావాలి. బిందె నిండా నీళ్ళు పోసి, మూత పెట్టి ఉంచుతాను.

ఇట్లు,
ఆ రాత్రి ఫోన్ చేసిన పక్కింటావిడ