బొమ్మలమ్మ గుట్ట బాటను బాటగానే ఉంచండి

గౌరవనీయులైన తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది కరీంనగర్. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకు ముందు రోజు మా ఇంట్లో ఎవరూ పొద్దెక్కేదాకా పడుకోరు. జగిత్యాల రోడ్డు పట్టుకుని గంగాధర మండలం కురిక్యాలకు పోతాం, అక్కడి బొమ్మలమ్మ గుట్టకు. పేరుకు బతుకమ్మ పూల కోసమే గానీ, పూలు కోసినా నేనూ అమ్మా గుట్ట ఎక్కకుండా తిరిగి రాం.

వానలు వెనకబట్టిన ఆ పది పదిహేను రోజులూ గుట్ట కింద బీడంతా తెల్లటి గునుగు, నడుమ పచ్చగా తంగేడు. సీతాఫలాలు అప్పుడే కళ్లు తెరుస్తుంటాయి. ఏడు గంటలకు గునుగు కాడ పట్టుకుంటే చేతికి మంచు తడి అంటుతుంది. "కాడ పొడుగు ఉంచి తెంపు బిడ్డా, పేర్చేటప్పుడు నిలబడాలె" అని అమ్మ ప్రతిసారీ చెప్తుంది. ఒకసారి తీగ మీద పాలపిట్ట కనిపించింది. దసరా ఇంకా పది రోజులుందని తెలిసీ అమ్మ దానికి దండం పెట్టింది.

పైకి పోయాక బండ మీద జైన తీర్థంకరులు, జైన దేవత చక్రేశ్వరి, ఆ బొమ్మల కింద శాసనం. పదో శతాబ్దంలో, వేములవాడ చాళుక్యుల కాలంలో జినవల్లభుడు చెక్కించాడు. కన్నడ ఆదికవి పంపడికి ఆయన తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఒకే బండ మీద ఉన్నాయి. తెలుగు కంద పద్యాలు ఆ రాతి మీద నిలిచిన నాటికి నన్నయ్య భారతానికి ఇంకా వందేళ్లు ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ గుట్ట పేరు ఎన్నిసార్లు విన్నామో మీకూ గుర్తుండే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం పోతే అక్షరాలు అసలు ఆనవు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడే ప్రతి గీతా నీడ పట్టి పైకి తేలుతుంది. నాకు ఆ లిపి చదవరాదు. కానీ ఎక్కడో ఒకచోట మన తెలుగు అక్షరంలాంటి వంపు కంటబడితే గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆ శాసనంలో జినవల్లభుడు కట్టించిన బసది అనే జైన గుడి, అన్న బిరుదు పేరుతో తవ్వించిన కవితాగుణార్ణవమనే చెరువు, పెంచిన మదనవిలాసమనే తోట ప్రస్తావనలు ఉన్నాయి. రాయి చెక్కించిన మనిషి చెట్లు కూడా పెట్టించాడు. అది చదివిన రోజు నుంచి ఆ తంగేడు పొదల మధ్య నడుస్తుంటే ఎవరి తోటలోనో నడుస్తున్నట్టే ఉంటుంది నాకు.

పోయినేడు దిగేటప్పుడు అమ్మ కాలు జారి మడమ బెణికింది. తడి బండ మీద నాచు, పక్కనే పగిలిన సీసా పెంకులు. మేకలు కాసే ఇద్దరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని కిందికి దించారు. లేకపోతే ఆ రోజు నేనేం చేసేదాన్నో.

అందుకే అడుగుతున్నాను సార్, దారి బాగు చేయించండి. కానీ దారి బాగు చేయడమంటే జేసీబీ పెట్టి పొదలు పీకేసి, సిమెంటు మెట్లు పోసి, రంగుల లైట్లు, సెల్ఫీ పాయింటు పెట్టడం మాత్రం కావద్దు. వేరే గుట్టల మీద అట్లా చేసిన చోట్లు చూశాను. రెండో ఏడు గునుగు కనబడలేదు. ఇక్కడ నాచు పట్టే నాలుగైదు చోట్ల ఊళ్లోని రాతి పని వాళ్లతో మెట్ల రాళ్లు పేర్పిస్తే చాలు. బాట తప్పకుండా గుర్తులు పెట్టాలి. శాసనం పాఠం, అర్థం బడి పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఒక బోర్డు మీద ఉండాలి. సీసాలు పైకి పోకుండా చూసే మనిషి ఊళ్లోవారే అయితే మంచిది, ఆ గుట్ట వాళ్లదే కాబట్టి.

ఇంకొక భయం ఉంది. మా జిల్లా గ్రానైట్‌కు దేశదేశాల్లో పేరు. ఆ పేరు కోసం ఎన్ని గుట్టలు దిమ్మెలై లారీలెక్కాయో కరీంనగర్ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. క్వారీల మీద బతికేవాళ్ల పొట్ట కొట్టమనను. బొమ్మలమ్మ గుట్ట చుట్టూ మాత్రం పేలుడు చప్పుడు వినబడనంత దూరం హద్దు గీయించి, ఆ హద్దు కాగితం మీదే కాదు, నేల మీద కూడా రాళ్లు పాతించండి. బండలో ఒక్క పగులు అక్షరాల మీదుగా పోయిందంటే దాన్ని అతికించే మేస్త్రీ ఎక్కడా దొరకడు.

ఈసారి ఎంగిలిపూల బతుకమ్మ ముందు రోజు మీరు ఒక్క పూట రండి. హంగామా ఏమీ వద్దు, జారని చెప్పులు వేసుకుని ఏడింటికల్లా వస్తే చాలు. అమ్మ మడమ ఇంకా పూర్తిగా నయం కాలేదు. తను కింద గునుగు కోస్తూ కూర్చుంటానంది. శాసనం దగ్గరికి దారి నేను చూపిస్తాను.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక కూతురు