ఐర్లండ్ కథలంటే హాలోవీన్ ఒక్కటేనా?

సంపాదకుల గారికి నమస్కారం.

ఏటా అక్టోబరు నెలాఖరున హాలోవీన్ గురించి తెలుగు పత్రికలలో వచ్చే కథనాలు, ఆ పండుగకు మూలం ఐర్లండ్‌లోని సౌవిన్ అనే ప్రాచీన పండుగ అని ఒక్క వాక్యంలో చెప్పి, గుమ్మడికాయల మీదికీ దయ్యం వేషాల మీదికీ వెళ్లిపోతున్నాయి. కొన్నేళ్లుగా కిల్డేర్ కౌంటీలో కుటుంబంతో ఉంటున్న పాఠకుడిగా నాకు ఇది బాధ కలిగిస్తోంది.

మాకు దగ్గరలోనే కరా మైదానం ఉంది. మఠం కట్టుకోవడానికి తన పైవస్త్రం పరిచినంత నేల చాలునని సెయింట్ బ్రిజిడ్ రాజును అడిగిందని, ఆయన ఒప్పుకున్నాక ఆ వస్త్రం పెరిగి పెరిగి మైదానమంతా కప్పేసిందని ఇక్కడివారు చెబుతారు. వామనుడికి మూడడుగుల నేల ఇచ్చిన బలి కథ వింటూ పెరిగిన మనకు ఇది పరాయి కథ అనిపించదు.

ఇలాంటి కథలు వాటంతట అవే మిగల్లేదు. 1845లో మొదలైన మహా కరువు ఐరిష్ మాట్లాడే పల్లెలనే ఎక్కువగా దెబ్బతీసింది. చావులతో, వలసలతో కథ చెప్పేవారూ, ఆ కథల భాషా తరిగిపోయాయి. 1935లో ప్రభుత్వం జేమ్స్ డెలార్గీ ఆధ్వర్యంలో ఐరిష్ జానపద కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఆ కమిషన్ పథకంలో భాగంగా 1937 నుంచి 1939 వరకు సుమారు 5,000 ప్రాథమిక పాఠశాలల పిల్లలు, మామూలు వ్యాసరచనకు బదులుగా, ఇంట్లో పెద్దవాళ్లనూ ఇరుగుపొరుగు ముసలివాళ్లనూ అడిగి తెలుసుకున్న సంగతులను నోటుపుస్తకాలలో రాశారు. అలా పోగైనవి సుమారు 7,40,000 పుటలు. వాటిలో వీరగాథలతో పాటు నాటువైద్యం, పుణ్యబావులు, కరువు జ్ఞాపకాలు, ఆటలు, వాన గుర్తులు కూడా ఉన్నాయి. చాలాచోట్ల ఆ సంగతి చెప్పిన మనిషి పేరూ ఊరూ కూడా రాసి ఉండడం, అంటే పేరులేని జనంగా కాక ఒక కూలి మనిషిని కూడా కథకు హక్కుదారుగా గుర్తించడం, నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించింది.

ఆ కమిషన్ సేకరణకు 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చోటు దక్కింది. ఆ కథల్లోని నమ్మకాలకు ఇప్పటికీ ప్రాణం ఉంది. 1999లో క్లేర్ కౌంటీలో కొత్త రహదారికి అడ్డుగా ఉన్న ఒక హాథార్న్ ముళ్లచెట్టు దేవకన్యల చోటని, దానిని నరకరాదని ఒక కథకుడు ఉద్యమించగా, ఆ చెట్టును కాపాడుతూ రహదారి నిర్మించారు.

పిల్లలు రాసిన ఆ పుటలు ఇప్పుడు దూహస్ వెబ్‌సైటులో బడి పేరుతో, ఊరి పేరుతో వెతికితే ఉచితంగా దొరుకుతున్నాయి. రాబోయే అక్టోబరులోనైనా మీ పత్రిక వాటిలో రెండు మూడింటిని తెలుగు చేసి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కిల్డేర్, ఐర్లండ్