ప్యాకెట్ పప్పులో చుక్కకూర

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోనులో నువ్వన్న మాట రాత్రంతా నన్ను వదల్లేదు. "కడుపు నిండుతోంది గానీ అన్నం తిన్నట్టు ఉండటం లేదురా" అన్నావు. కూకట్‌పల్లిలో గది తీసుకున్నప్పటి నుంచి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరడం, ప్యాకెట్ చించి వేడి చేసుకోవడం, పడుకోవడం. ఇదే కదా నీ వరస! ఫోనులో చెబితే సగం మరిచిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

ముందుగా, ప్యాకెట్ కొన్నందుకు నొచ్చుకోకు. నానబెట్టడం, ఉడికించడం, రవ్వ వేయించడం లాంటి పొద్దు పట్టే పనులన్నీ అది నీకు తప్పించింది. ప్యాకెట్ పప్పునే తీసుకో, దాన్ని సంచిలో మూసి, సుమారు 121 డిగ్రీల వేడిలో, ఒత్తిడి మీద ఉడికిస్తారు. అందుకే నెలల తరబడి బయట ఉన్నా పాడవదు. అయితే ఆకుల సువాసన ఆ వేడికి నిలవదు. ఆ లోటు తీర్చడానికి పది నిమిషాలు చాలు.

పోయిన నెలలో ఒక రాత్రి వానలో తడిసి మెహదీపట్నం చేరేసరికి పది దాటింది. ఇంట్లో నేనొక్కడినే. పప్పు ప్యాకెట్ ఒకటి, ఫ్రిజ్‌లో వాడిపోయిన చుక్కకూర కట్ట ఒకటి ఉన్నాయి. కూరను చల్లటి నీళ్ళలో వేసి బట్టలు మార్చుకుని వచ్చేలోగా ఆకులు మళ్ళీ లేచి నిలబడ్డాయి. మూకుడులో రెండు చెంచాల నూనె పోసి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వేశాను. ఆవాలు చిటపటలాడాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వేసి, అంచులు ఎర్రబడగానే కరివేపాకు, చిటికెడు ఇంగువ. ఆ తర్వాత తరిగిన చుక్కకూర. చూస్తుండగానే ఆకు పచ్చరంగు పోయి, గోధుమరంగుకు తిరిగి, మెత్తగా కరిగిపోయింది. దానిమీద ప్యాకెట్ పప్పు, అర గ్లాసు నీళ్ళు పోసి రెండు పొంగులు రానిచ్చాను. వేడి అన్నంలో కలుపుకుని తింటే, ఒరేయ్, ఆ పులుపుకే ప్రాణం లేచి వచ్చింది. ఆ రాత్రి నేను తిన్నది ప్యాకెట్ కూడు కాదు, పప్పన్నం.

ఉప్పు మాత్రం వేయకు. ప్యాకెట్లో అది ముందే దండిగా ఉంటుంది. వెనుక సోడియం అని రాసిన అంకె చూడు. పెద్దవాళ్ళకు రోజుకు 2000 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే 5 గ్రాముల ఉప్పు. ఆకుకూర, టమాటా కలిపిన కొద్దీ ఆ ఉప్పు పలచబడుతుంది. నూడుల్స్‌కైతే మసాలా పొట్లంలో సగమే వేయి. ఆ సగం చాలడానికి అల్లం, పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముందుగా వేయించు. చాలా రకాల నూడుల్స్‌ను ఫ్యాక్టరీలోనే నూనెలో వేయించి ఆరబెడతారు కాబట్టి రెండు నిమిషాల్లో నీరు పీల్చుకుని మెత్తబడిపోతాయి. బీన్స్, క్యారెట్ అంత త్వరగా ఉడకవు. అవి సగం ఉడికాకే నూడుల్స్ వేయాలి. అందరూ తలకిందులు చేసేది ఇక్కడే. నిమ్మకాయ పొయ్యి కట్టేశాకే పిండు, లేకపోతే చేదెక్కుతుంది.

ఉప్మా మిక్స్‌కూ ఇదే పద్ధతి, చివర్లో ఒక చెంచా నెయ్యి అదనం. దోసె పిండి పులిసిపోతే పారేయకు. ఉల్లిపాయ, క్యారెట్ తురుము, కొత్తిమీర కలిపి మందంగా ఊతప్పం పోసుకో.

ఇక కూరలు. కూకట్‌పల్లి రైతు బజారు నీకు దగ్గరే. 1999లో ఈ బజార్లు మొదలైంది రైతు నేరుగా మనకు అమ్ముకోవడానికి. ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరమాడే పని లేదు. ఆదివారం పొద్దున్నే వెళ్ళు, ఎండెక్కితే ఆకుకూరలు వడలిపోతాయి. కొత్తిమీర వేళ్ళు గ్లాసు నీళ్ళలో మునిగేలా నిలబెట్టు. కరివేపాకు దూసి, తడి లేకుండా పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెట్టు. నా దగ్గర వారం పైనే ఉంటోంది. ఈ రెండూ, అల్లం, నిమ్మకాయలు ఇంట్లో ఉంటే ఏ ప్యాకెట్ అయినా నీ దారికి వస్తుంది.

నీ అలమరలో ఇప్పుడు ఏయే ప్యాకెట్లున్నాయో రాసి పంపు. ఒక్కోదానికి ఏం కలపాలో చెబుతాను. వచ్చే శనివారం రాత్రి నీ గదికి వస్తున్నాను, చుక్కకూర నేనే తెస్తాను. అన్నం మాత్రం వండి ఉంచు.

నీ,
రాజు