శీర్షికలవారీ ఫీడ్లు మళ్ళీ పెట్టండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక వెబ్‌సైటు కొత్త రూపంలోకి మారాక, పాత సైటులో పేజీ అడుగున ఉండే ఆర్ఎస్ఎస్ లింకులు, అంటే కొత్త వ్యాసాల కబురు పాఠకుడికి అందించే ఫీడ్ల లింకులు, కనిపించడం లేదు. విద్య, ఆరోగ్యం, వ్యవసాయం, సాహిత్యం అంటూ ఒక్కో శీర్షికకు ఒక్కో ఫీడ్ ఉండేది, ఎవరికి కావలసింది వాళ్ళు తమ ఫీడ్ రీడర్లో చేర్చుకుని తీరిగ్గా చదువుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ చిరునామాలు తెరిస్తే 'పేజీ దొరకలేదు' అని వస్తోంది. యాప్ దించుకోండి, నోటిఫికేషన్లు ఆన్ చేసుకోండి అని అడిగే బటన్లు మాత్రం ప్రతి పేజీలోనూ ఉన్నాయి. సైటు మార్చినవాళ్ళకు ఇది చిన్న సంగతి కావచ్చు. బ్లాగు రాసుకుంటూ, నలుగురి రాతల్నీ ఫీడ్ల ద్వారానే చదివే నాలాంటి వాళ్ళకు కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఫీడ్ అనే మాట వినని పాఠకులు కూడా ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఫీడ్ అంటే సైటులో పడి ఉండే ఒక మామూలు టెక్స్ట్ ఫైలు. కొత్తగా వచ్చిన ఒక్కో వ్యాసానికీ అందులో దాని పేరు, లింకు, ప్రచురించిన తేదీ, సమయం, రెండు మూడు వాక్యాల సారాంశమో లేక మొత్తం వ్యాసమో ఉంటాయి, దాంతోపాటు ఆ వ్యాసానికి మాత్రమే చెందిన ఒక గుర్తింపు సంఖ్య లాంటిది కూడా ఉంటుంది. పాఠకుడి ఫోన్లోనో కంప్యూటర్లోనో ఉన్న ఫీడ్ రీడర్ అప్పుడప్పుడు వెళ్ళి ఆ ఫైలును చూసి, తన దగ్గర లేని వ్యాసాలను మాత్రమే తెచ్చి చూపిస్తుంది. ఏమీ మారకపోతే సర్వర్ 304 అని ఒక చిన్న జవాబు ఇచ్చి ఊరుకుంటుంది, ఫైలు మళ్ళీ పంపే పని కూడా ఉండదు. పాఠకుడు తన ఈమెయిల్ ఇవ్వక్కర్లేదు, ఫోన్ నంబరు ఇవ్వక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. చదవాలనుకున్నన్నాళ్ళు చదువుతాడు, వద్దనుకుంటే తీసేస్తాడు, ఎవరికీ చెప్పాల్సిన పని లేదు.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనది వరుస. ఫీడ్లో వ్యాసాలు వచ్చిన క్రమంలోనే కనిపిస్తాయి. ఏది పైన ఉండాలి, ఏది అసలు కనబడకూడదు అని మధ్యలో ఎవరూ నిర్ణయించరు. సోషల్ మీడియాలో మీ పత్రిక పేజీని ఫాలో అవుతున్నవాళ్ళకు మీరు పెట్టినవన్నీ కనిపిస్తాయన్న హామీ లేదు. ఎక్కువమంది తగాదా పడే వార్త పైకి తేలుతుంది, ఎంతో కష్టపడి రాసిన ఆరోగ్య వ్యాసం ఎక్కడో కిందికి పోతుంది. మీ విలేఖరి రాసింది మీ పాఠకుడి దాకా చేరాలా వద్దా అన్నది మూడోవాడి చేతిలో పెట్టడం మీకు మాత్రం ఎలా నచ్చుతోంది?

ఆర్ఎస్ఎస్ పాతబడిపోయింది కదా అనేవాళ్ళు చాలామందే ఉన్నారు. పాతదే, నిజం. 1999 మార్చిలో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ సంస్థలో రామనాథన్ గుహా, డాన్ లిబ్బీ తమ పోర్టల్ కోసం దీని మొదటి రూపం తయారు చేశారు. 2002లో ఆర్ఎస్ఎస్ 2.0 వచ్చింది, 2005లో ఆటమ్ అనే మరో పద్ధతి ప్రమాణంగా స్థిరపడింది. అదే ఏడాది మొదలైన గూగుల్ రీడర్‌ను 2013 జులైలో మూసేసినప్పుడు ఫీడ్ల కథ ముగిసిందనే అందరూ రాశారు. కానీ మూతపడింది ఒక రీడర్ మాత్రమే. పద్ధతి ఎవరి సొత్తూ కాదు కనుక అది అలాగే ఉంది, ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి వేరే రీడర్లకు జనం తరలిపోయారు, తమ ఫీడ్ల జాబితా మొత్తాన్ని ఓపీఎంఎల్ అనే ఒక్క ఫైలులో పెట్టుకుని మరీ వెళ్ళారు. ఇవాళ లక్షలమంది వినే పాడ్‌కాస్టులు నడిచేది కూడా ఈ ఆర్ఎస్ఎస్ మీదే, వినేవాళ్ళకు ఆ సంగతి తెలియదంతే. సైట్లు, బ్లాగులు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైటు అయితే ఎవరూ అడగకుండానే ఫీడ్ తయారవుతుంది, ప్రతి వర్గానికీ, అంటే ప్రతి శీర్షికకూ, విడిగా కూడా తయారవుతుంది, ఆ వర్గం పేజీ చిరునామా చివర '/feed' అని చేరిస్తే చాలు. అంటే చాలా సైట్లలో ఇది కొత్తగా కట్టాల్సింది కాదు, ఉన్నదాన్ని తీసేయకుండా ఉంటే సరిపోతుంది.

ఇక శీర్షికల సంగతి. సైటు మొత్తానికి ఒకే ఫీడ్ ఇచ్చి చేతులు దులుపుకుంటే పత్రికలకు అది పనికిరాదు. రోజుకు వందల వార్తలు వచ్చే చోట అన్నీ ఒకే వరుసలో పోస్తే, సాహిత్యం పేజీ కోసం వచ్చినవాడు రెండో రోజుకే ఆ ఫీడ్ తీసేస్తాడు. శీర్షికలవారీగా ఉంటేనే ఫీడ్‌కు విలువ. అలా ఉండాలంటే ముందు ఆ శీర్షికలు సరిగ్గా ఉండాలి, మీ కొత్త సైటులో నాకు బాగా బాధ కలిగించింది ఇదే. ఒకే విషయం మీద వచ్చిన వ్యాసాలు ఒకసారి 'సాగునీరు' కింద, ఇంకోసారి 'నీటిపారుదల' కింద, మరోసారి 'ఇరిగేషన్' కింద చేరుతున్నాయి. రాసినవాళ్ళు ఆ పూటకు ఏది తోస్తే అది పెడుతున్నట్టుంది. సాగునీరు నొక్కిన రైతుకు మూడింట ఒక వంతే దొరుకుతుంది, మిగతావి ఉన్నాయని కూడా అతనికి తెలియదు. పైగా 'ట్రెండింగ్', 'స్పెషల్', 'తాజా' అని ఇంకొన్ని పెట్టారు. అవి విషయాలు కావు. ఆర్నెల్ల తర్వాత ఒక వ్యాసం కోసం వెతికేవాడు దాన్ని 'తాజా'లో ఎలా వెతుకుతాడు?

బ్లాగు నడిపేవాళ్ళు ఈ చిక్కును ఎప్పటినుంచో చూస్తున్నారు. టపాలు, అంటే బ్లాగులో పెట్టే రాతలు, పాతిక ఉన్నంతకాలం వర్గాలు ఎలా ఉన్నా నడిచిపోతుంది, వందలు దాటాక మాత్రం ఎవరి పాత టపా వాళ్ళకే దొరకదు. నాకు తెలిసి పనిచేసే పద్ధతి ఒక్కటే. పెద్ద విషయాలకు కొద్దిపాటి వర్గాలు పెట్టుకుని వాటిని ఏళ్ళ తరబడి మార్చకుండా ఉంచడం, చిన్న వివరాలను ట్యాగులకు, అంటే వ్యాసానికి తగిలించే గుర్తు మాటలకు, వదిలేయడం. ఊరి పేరు, మనిషి పేరు, పంట పేరు ట్యాగులు కావచ్చు. వర్గం మాత్రం ఇంకో పదేళ్ళు దాని కింద రాస్తామన్న నమ్మకం ఉన్నప్పుడే తెరవాలి. ఒకే ఒక్క టపా ఉన్న వర్గానికి ఎవరు చందాదారులవుతారు? కొత్త ట్యాగు పెట్టే ముందు పాతవాటి జాబితా ఒకసారి చూసుకుంటే సాగునీరు, ఇరిగేషన్ గొడవ సగం తీరుతుంది. మీ డెస్కులో ఆ జాబితా చూసే బాధ్యత ఒకరికి అప్పగిస్తే మిగతా సగం కూడా తీరుతుంది.

ఇంకో చిన్న విషయం, తెలుగు సైట్లన్నీ గమనించాల్సింది. వర్గం పేరు తెలుగులో ఉండాలి, అందులో రాజీ వద్దు. కానీ చిరునామాలో కూడా తెలుగు అక్షరాలే ఉంటే, దాన్ని కాపీ చేసి ఇంకెక్కడైనా అతికించినప్పుడు చాలాసార్లు ఒక్కో యూనికోడ్ గుర్తు, అంటే కంప్యూటరు విడిగా లెక్కపెట్టే ఒక్కో అక్షరమో గుణింతపు గుర్తో, శాతం గుర్తులతో (%) కూడిన తొమ్మిది అక్షరాల వరుసగా మారుతుంది. 'విద్య' అనే చిన్న మాటలో అలాంటి గుర్తులు అయిదు, కాబట్టి అది నలభై అయిదు అక్షరాలవుతుంది. అలాంటి లింకు మెసేజిల్లో మధ్యలో తెగిపోతే అవతలివాళ్ళకు తెరుచుకోదు. పేరు తెలుగులో, చిరునామా పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే ఆ బాధ ఉండదు.

ఫీడ్ ఇస్తే సైటుకు ఎవరూ రారు, ప్రకటనలు ఎవరూ చూడరు అనే వాదన ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను, పత్రిక నడవాలంటే డబ్బు కావాలి. అలాంటప్పుడు మొత్తం వ్యాసం ఇవ్వకండి, వ్యాసం పేరుతోపాటు విషయం తెలిసేలా రెండు వాక్యాలు ఇవ్వండి, చదవాలనుకున్నవాడు లింకు నొక్కి మీ దగ్గరికే వస్తాడు. ఫీడ్లోంచి వ్యాసాలు ఎత్తుకుపోతారన్న భయం మాత్రం నాకు అర్థం కాదు. ఎత్తుకుపోయేవాళ్ళు పేజీలోంచే ఎత్తుకుపోతున్నారు, ఫీడ్ తీసేసినంత మాత్రాన వాళ్ళు ఆగలేదు, ఆగిపోయింది పద్ధతిగా చదివే పాఠకులే.

కాబట్టి అడుగుతున్నది ఇది. శీర్షికలవారీ ఫీడ్లను మళ్ళీ తెరిపించండి. పాత ఫీడ్ చిరునామాలను కొత్తవాటికి శాశ్వతంగా మళ్ళించమని మీ సాంకేతిక సిబ్బందికి చెప్పండి, అప్పుడు ఇదివరకే చేర్చుకున్నవాళ్ళు మళ్ళీ వెతుక్కోనవసరం లేదు. పాత వ్యాసాల గుర్తింపు సంఖ్యలు మాత్రం మార్చొద్దు, మారిస్తే ఎప్పుడో చదివేసినవి కూడా కొత్తవాటిలా మళ్ళీ వచ్చిపడి జనం విసుగుతో ఫీడ్ తీసేస్తారు. ఏయే ఫీడ్లు ఉన్నాయో ఒక పేజీలో రాసి, ఆ పేజీ లింకును పాతచోటే, సైటు అడుగున పెట్టండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే ముందుగా విద్య, ఆరోగ్యం, వ్యవసాయం ఫీడ్లు ఇవ్వండి. పరీక్ష తేదీలు, మందుల హెచ్చరికలు, వాన కబుర్లు ఆలస్యంగా తెలిస్తే నష్టపోయేవాళ్ళు వాటి కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక బ్లాగరు